కొండల పక్కన, చెట్ల నడుమ ఊళ్లో కిటికీ ఎప్పుడు తెరవాలి?

నగరంలో ఉద్యోగం చేస్తూ, కొండల పక్కన చెట్ల మధ్య ఉన్న ఊళ్లో ఇల్లు చూసుకునేవారిలో చాలామంది మంచి గాలి కోసమే ఆ దూరాన్ని భరిస్తారు. ఆ ఆలోచన తప్పేమీ కాదు. అయితే అలాంటి ఊళ్లో గాలి ఏడాది పొడవునా, రోజంతా ఒకే తీరుగా ఉండదు. కొండలు, చెట్లు, ఉదయం సాయంత్రం వాహనాల రద్దీ మూడూ కలిసిన చోట గాలి ఒక్క రోజులోనే రెండు మూడు సార్లు స్వభావం మార్చుకుంటుంది. ఆ మార్పు ఏ వేళకు వస్తుందన్నది ఋతువును బట్టి తారుమారవుతుంది. చలికాలంలో మధ్యాహ్నం తెరవవలసిన కిటికీని నడివేసవిలో అదే మధ్యాహ్నం మూయవలసి వస్తుంది. అందుచేత ఈ రోజు గాలి బాగుందా లేదా అని అడగడం కన్నా, ఈ ఋతువులో ఏ గంట గాలి మంచిదో తెలుసుకోవడం ఎక్కువ ఉపయోగకరం. ఆ గంటలను గుర్తించే పద్ధతిని, వాటిని బట్టి ఇంటిని, ప్రయాణాన్ని, వ్యాయామాన్ని సర్దుకునే విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఊరి నేల తీరును చదవాలి

పగలు ఎండ తగిలిన కొండ వాలు వేడెక్కి, దాని మీది గాలి తేలికై పైకి పాకుతుంది. దాని స్థానంలోకి లోయలోని గాలి వాలు వెంట ఎక్కుతుంది. రాత్రి ఇది తలక్రిందులవుతుంది. వాలు త్వరగా చల్లబడి, బరువెక్కిన చల్లగాలి నీటిలాగే పల్లానికి జారి, లోయ అడుగున మడుగు కడుతుంది. పగటి గాలిని లోయ పవనమని, రాత్రి గాలిని పర్వత పవనమని భూగోళ శాస్త్రంలో అంటారు. ఈ రెండింటి మధ్య, అంటే సూర్యోదయం తరువాత కొంతసేపూ సూర్యాస్తమయం తరువాత కొంతసేపూ, గాలి దాదాపు కదలకుండా నిలిచిపోతుంది. వాహనాలు ఎక్కువగా తిరిగే సమయమూ, ఇళ్లలో పొయ్యిలు వెలిగించే సమయమూ సరిగ్గా అవే కావడం ఇలాంటి ఊళ్లకు ఉన్న ముఖ్యమైన చిక్కు.

మామూలుగా ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది. సగటున ప్రతి కిలోమీటరుకు సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. లోయలో చల్లగాలి నిండిన రాత్రులలో ఈ క్రమం తిరగబడి, కింద చలిగానూ పైన వెచ్చగానూ ఉంటుంది. దీనినే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. పైనున్న వెచ్చని పొర మూతలా పనిచేయడం వల్ల కింద పుట్టిన పొగ పైకి పోలేదు. 1930 డిసెంబరులో బెల్జియంలోని మ్యూజ్ నది లోయలోనూ, 1948 అక్టోబరు చివర అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో డొనోరా అనే పట్టణంలోనూ ఇలాంటి మూత కొన్ని రోజుల పాటు కదలకపోవడంతో కర్మాగారాల పొగ లోయలోనే నిలిచి, మొదటి చోట 60 మందికి పైగా, రెండవ చోట 20 మంది మరణించారు. నివాసపు ఊళ్లలో అంతటి పొగ ఉండదు, కానీ మూత మాత్రం అదే. పొగ కొద్దిగానే ఉన్నా అది నిలిచే చోటు చిన్నదైనప్పుడు గాఢత పెరుగుతుందన్నదే ఆ సంఘటనలు నేర్పిన విషయం.

విలోమాన్ని గుర్తించడానికి పరికరం అవసరం లేదు. ఉదయం ఏదైనా ఇంటి పొగగొట్టం వైపు చూడండి. పొగ కొంత ఎత్తుకు లేచి, అక్కడ ఏదో అడ్డు తగిలినట్టు ఆగి, పక్కలకు పలచగా పరుచుకుంటే మూత పడి ఉన్నట్టే. వాలు మీద కాస్త ఎత్తున ఉన్న ఇళ్లవారు తమ దగ్గర చలి తక్కువగా ఉందని చెబితే అదీ గుర్తే. ఇల్లు కొనేటప్పుడు లేదా అద్దెకు తీసుకునేటప్పుడు ఈ విషయాన్ని చాలామంది పట్టించుకోరు. లోయ అడుగున వాగు పక్కన ఉన్న వీధికీ, దానికి 100 మీటర్ల ఎత్తున వాలు మీద ఉన్న వీధికీ చలికాలపు గాలిలో స్పష్టమైన తేడా ఉండవచ్చు. చలికాలంలో ఒక సాయంత్రం చీకటి పడ్డాక రెండు చోట్లా నడిచి చూస్తే ముక్కుకే ఆ తేడా తెలుస్తుంది.

దూరపు కొండలు నునుపు అని మనవాళ్లు అన్నమాట గాలిని చూసే పద్ధతిగా కూడా పనికివస్తుంది. మీ ఇంటి నుంచి కనిపించే మూడు ఆనవాళ్లను ఎంచుకోండి. ఒకటి దగ్గరి చెట్ల వరుస, రెండవది నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని గుట్ట, మూడవది దూరపు శిఖరం. గాలి తేటగా ఉన్న రోజున ఆ శిఖరం మీది మడతలు, బండలు విడివిడిగా కనిపిస్తాయి. సన్నని ధూళి పెరిగేకొద్దీ మడతలు చెరిగి, కొండ నున్నని నీలి రేఖగా మారి, చివరికి కనబడకుండా పోతుంది. పొగమంచు ఉన్నప్పుడు ఈ లెక్క పనిచేయదు కనుక తేమ లేని వేళల్లోనే దీనిని నమ్మాలి.

కొలిచే పద్ధతి, అంకెలను చదివే పద్ధతి

ఆరోగ్యానికి ముఖ్యంగా చూడవలసినవి రెండు. మొదటిది పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లు లేదా అంతకన్నా తక్కువ వ్యాసం గల కణాలు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు కాబట్టి ఇవి దానిలో సుమారు ముప్పయ్యో వంతో, అంతకన్నా తక్కువో ఉంటాయి. పొగలోని కణాలు ఎక్కువగా ఈ కోవలోకే వస్తాయి, ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. రెండవది ఓజోన్ వాయువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు, ఒక రోజు సగటు 15 మైక్రోగ్రాములు దాటకూడదు.

ఫోనులో కనిపించే గాలి నాణ్యతా సూచికను చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఒక్కో దేశపు సూచిక ఒక్కో కొలబద్ద మీద తయారైనది. పీఎం 2.5 విషయంలో అమెరికా సూచికలో 100 అంటే సుమారు 35 మైక్రోగ్రాములు, భారతదేశపు సూచికలో 100 అంటే 60 మైక్రోగ్రాములు. అంటే అదే గాలికి రెండు యాప్‌లు రెండు వేర్వేరు అంకెలు చూపవచ్చు. అందువల్ల వీలైనప్పుడల్లా సూచికను వదిలి మైక్రోగ్రాముల అంకెనే చూడడం మేలు. రెండవ జాగ్రత్త, ఆ అంకె ఎక్కడ కొలిచినదో చూసుకోవడం. అధికారిక కేంద్రాలు ఎక్కువగా నగరంలో ఉంటాయి. మీకూ ఆ కేంద్రానికీ మధ్య ఒక కొండ వరుస ఉంటే, అక్కడి అంకెకు మీ లోయతో సంబంధం దాదాపు ఉండదని భావించాలి.

ఈ లోటును తీర్చడానికి లేజరు కాంతితో కణాలను లెక్కించే చిన్న సెన్సార్లు రెండు కొనుక్కుంటే సరిపోతుంది. ఒకటి బయట, ఒకటి లోపల. బయటి దానిని నీడలో, వాన తగలని చోట, మనిషి తల ఎత్తున, వంటగది పొగ వచ్చే కంతకూ పొయ్యి గొట్టానికీ దూరంగా అమర్చాలి. తేమ ఎక్కువగా ఉన్నప్పుడు కణాలు నీటిని పీల్చి ఉబ్బడం వల్ల ఈ సెన్సార్లు వాస్తవం కన్నా ఎక్కువ చూపిస్తాయి, కాబట్టి పొగమంచు ఉన్న ఉదయం వచ్చిన అంకెను చూసి కంగారుపడకూడదు. ఇవి ఓజోన్‌ను కొలవవు. పుప్పొడి రేణువులు చాలావరకు 10 మైక్రాన్ల కన్నా పెద్దవి కనుక వాటిని కూడా సరిగా చూడలేవు. అంటే సెన్సారు పచ్చగా వెలుగుతున్నప్పుడే తుమ్ములు, దగ్గు వస్తే పరికరం చెడిందని అనుకోనక్కరలేదు. అది చూడగలిగినది వేరు, మిమ్మల్ని బాధపెడుతున్నది వేరు.

ఒక నోటుపుస్తకంలో రోజుకు నాలుగు సార్లు, ఉదయం ఇల్లు వదిలే ముందు, మధ్యాహ్నం, సాయంత్రం ఇంటికి చేరాక, పడుకునే ముందు, బయటి అంకెను రాసి పెట్టుకోండి. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేకపోతే సెన్సారు దాచుకున్న లెక్కను తరువాత చూసి రాయవచ్చు. నెల తిరిగేసరికి మీ వీధి గడియారం బయటపడుతుంది. ఇది నా దృష్టిలో ఖరీదైన ప్యూరిఫయర్ కన్నా ముందు చేయవలసిన పని.

చలికాలం

చలికాలంలో మీ శత్రువు మూత, దాని కింద కట్టెల పొగ. మేఘం లేని, గాలి లేని, అధిక పీడనం ఉన్న రాత్రులే ఇందుకు అనువైనవి. ఆకాశం నక్షత్రాలతో తళతళలాడే రాత్రి గాలి తేటగా ఉందనిపిస్తుంది, కానీ నేలకు దగ్గరగా ఉన్న పొర ఆ రాత్రే చెడుతుంది. సాయంత్రం నుంచి కణాల గాఢత పెరిగి, రాత్రి పొద్దుపోయేదాకా నిలిచి, తెల్లవారాక వాహనాలు కదలడంతో మరొకసారి లేస్తుంది. ఎండ నేలను వేడిచేశాక, ఉదయం ఆలస్యంగానో మధ్యాహ్నమో, మూత కరుగుతుంది. నేల మీద మంచు పరుచుకుని ఉంటే ఎండ వేడిని అది తిప్పికొట్టడం వల్ల మూత రోజుల తరబడి కూడా నిలవవచ్చు. అప్పుడు బలమైన గాలో కొత్త వాతావరణ వ్యవస్థో వస్తేనే విడుస్తుంది.

దీనిని బట్టి చలికాలపు నియమం సులభం. మధ్యాహ్నం పన్నెండుకూ మూడుకూ మధ్య ఎదురెదురు కిటికీలను పది పదిహేను నిమిషాలు బార్లా తెరిచి, సూర్యుడు కొండ వెనక్కు దిగకముందే మూసివేయాలి. కొండ నీడ పడిన వీధిలో చల్లగాలి జారడం సూర్యాస్తమయానికి ముందే మొదలవుతుంది కనుక పంచాంగంలోని సమయాన్ని కాక మీ వీధి మీద నీడ పడే సమయాన్ని చూడాలి. నగరానికి వెళ్లి వచ్చేవారికి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. వారు ఇంట్లో ఉండే గంటలు, అంటే సాయంత్రం నుంచి తెల్లవారేదాకా, లోయలో గాలి చెడిపోయే గంటలే; మంచి గంటలలో వారు ఊళ్లో ఉండరు. ఇంట్లో ఎవరైనా ఉంటే ఆ పని వారికి అప్పగించాలి. ఎవరూ లేకపోతే గాలిని లోపలికి తెచ్చే యంత్రానికి టైమరు పెట్టి మధ్యాహ్నం నడిచేలా చేసి, రాత్రి నిద్రగదిలో ప్యూరిఫయర్ నడపాలి. పని నుంచి వచ్చాక చీకట్లో పరుగెత్తే అలవాటు ఉన్నవారు చలికాలం వరకు దానిని సెలవు రోజుల మధ్యాహ్నాలకు మార్చుకోవడం మంచిది. విశ్రాంతిగా ఉన్నప్పుడు మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలిస్తే, గట్టిగా పరుగెత్తేటప్పుడు దానికి పది రెట్లో అంతకు మించో పీలుస్తాడు.

కట్టెల పొయ్యి వాడేవారు తమ పొగను తామే పీలుస్తారన్న సంగతి లోయ ఊళ్లో అక్షరాలా నిజం. గొట్టం నుంచి వెళ్లినది మూత కింద తిరిగి కిటికీ సందులలోంచి లోపలికి వస్తుంది. పొగ తగ్గించడానికి అన్నిటికన్నా ముఖ్యమైనది కట్టె ఎండి ఉండడం. తేమ 20 శాతం కన్నా తక్కువ ఉండాలి. తేమమాపకంతో కొలిచేటప్పుడు కట్టె బయటి ముఖం మీద కాక, అప్పుడే చీల్చిన లోపలి ముఖం మీద కొలవాలి. బయట ఎండినట్టు ఉన్న కట్టె లోపల పచ్చిగా ఉండడం మామూలే. మాపకం లేకపోతే రెండు కట్టెలను ఒకదానితో ఒకటి కొట్టి చూడండి. ఎండిన కట్టె ఖంగుమంటుంది, పచ్చిది మొద్దుగా మోగుతుంది. పొయ్యిలో చిన్న ముక్కలతో వేడి మంట పెట్టాలి. పెద్ద మొద్దు పెట్టి, గాలి ద్వారం మూసి, రాత్రంతా మంట లేకుండా రగిలేలా వదిలే పద్ధతి అన్నిటికన్నా ఎక్కువ పొగ పుట్టిస్తుంది. దానిని పూర్తిగా మానేయాలని గట్టిగా చెబుతాను. వెలిగించిన పావుగంట ఇరవై నిమిషాల తరువాత బయటికి వచ్చి గొట్టం వైపు చూస్తే, వేడి గాలి అల్లల్లాడడం తప్ప పొగ దాదాపు కనిపించకూడదు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్, చెత్త ఎన్నడూ వేయకూడదు. మూత పడిన రాత్రులలో వేరే తాపన సాధనం ఉన్నవారు పొయ్యిని అసలు వెలిగించకపోవడమే ఇరుగుపొరుగుకు చేయగల పెద్ద మేలు.

ప్రయాణం

రహదారి మీద ఉన్న గంటను చాలామంది లెక్కలోకి తీసుకోరు. ముందు వాహనం వదిలిన పొగ నేరుగా మన కారు గాలి కంతలోకి వస్తుంది కనుక, రద్దీలో నెమ్మదిగా కదిలే కారు లోపలి గాలి రోడ్డుకు దూరంగా ఉన్న వీధి గాలి కన్నా చాలా అధ్వానంగా ఉండవచ్చు. సొరంగాల్లోనూ, ఘాట్ ఎక్కుతున్న లారీల వెనుకా, రద్దీలోనూ గాలి లోపలే తిరిగే మీట నొక్కాలి. అయితే ఊపిరి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కలిగిస్తుంది కాబట్టి, ప్రతి పావుగంటకొకసారి రద్దీ లేని చోట ఒకటి రెండు నిమిషాలు బయటి గాలి రానివ్వాలి. కారు లోపలి గాలి వడపోత పుప్పొడి కాలం ముగిశాక ఒకసారి, పొగ కాలం ముగిశాక ఒకసారి మార్చుకుంటే మంచిది. ఇంటికి అంటుకుని ఉన్న గ్యారేజీలో ఇంజను నడుస్తూ ఉండగా ఒక్క నిమిషమైనా నిలపకూడదు. తలుపు తెరిచి ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ గోడ సందులలోంచి ఇంట్లోకి చేరుతుంది.

వసంతం

మూత బెడద తగ్గే కాలమిది, కానీ చెట్లు తమ పని మొదలుపెడతాయి. మొదట చెట్ల పుప్పొడి, వసంతం ముదిరి వేసవి దగ్గరపడేకొద్దీ గడ్డి పుప్పొడి, వేసవి చివర కలుపు మొక్కల పుప్పొడి వస్తాయి. కారు మీద పసుపు చల్లినట్టు పడే దేవదారు, సరళ జాతి చెట్ల పొడిని చూసి అందరూ భయపడతారు. నిజానికి ఆ రేణువులు పెద్దవి, త్వరగా నేల రాలతాయి, ఎక్కువమందికి వాటితో అంతగా ఇబ్బంది ఉండదు. కంటికి కనిపించని బిర్చ్, ఆల్డర్, ఓక్, జునిపర్ వంటి చెట్ల పుప్పొడే అసలు బాధ పెట్టేది. పొడిగా, గాలి వీచే పగటి వేళ ఇది ఎక్కువగా ఎగురుతుంది. నిలకడగా కురిసిన వాన తరువాత కొన్ని గంటలు గాలి శుభ్రంగా ఉంటుంది, కిటికీలు తెరవడానికి వసంతంలో అంతకన్నా మంచి సమయం లేదు.

పిడుగుల వాన మాత్రం ఈ నియమానికి లోబడదు. తుఫాను ముందరి గాలి విసురుకు, తేమకు గడ్డి పుప్పొడి రేణువులు పగిలి, ఊపిరితిత్తుల లోతుకు పోగల చిన్న తునకలవుతాయి. 2016 నవంబరు 21 సాయంత్రం ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఇలాగే జరిగి, వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు వెళ్లారు, 10 మంది మరణించారు. ఆసుపత్రులకు వెళ్లినవారిలో చాలామందికి అంతకుముందు తుమ్ములు, ముక్కు కారడం తప్ప ఉబ్బసం ఉన్నట్టే తెలియదు. అందుచేత పుప్పొడి కాలంలో ఉరుములు వినిపించగానే లోపలికి వచ్చి కిటికీలు మూయాలి. ఉబ్బసం ఉన్నవారు వైద్యులు రాసిచ్చిన మందు పీల్చే గొట్టాన్ని (ఇన్‌హేలర్) చేతికందేలా ఉంచుకోవాలి. మిగిలిన జాగ్రత్తలు చిన్నవే: బయటి నుంచి రాగానే బట్టలు మార్చుకోవడం, పడుకునే ముందు తల కడుక్కోవడం, ఉతికిన బట్టలను ఆ నెలల్లో ఆరుబయట ఆరవేయకపోవడం.

వేసవి

ఎండాకాలపు గాలి తేటగా కనిపిస్తూనే హాని చేయగలదు, ఎందుకంటే ఓజోన్‌కు రంగు లేదు. వాహనాల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిరయ్యే కర్బన పదార్థాలు ఎండలో కలిసి చర్య జరిపితే ఓజోన్ పుడుతుంది. నగరంలో ఉదయం పుట్టిన పొగ గాలితో పాటు కొండల వైపు కదులుతూ, దారిలో ఎండకు పండి, మధ్యాహ్నానికి ఊరి మీదికి చేరుతుంది. పైపెచ్చు నగరం నడిబొడ్డున కొత్తగా వెలువడే నైట్రిక్ ఆక్సైడ్ అక్కడి ఓజోన్‌ను కొంత మింగేస్తుంది. చెట్ల ఊళ్లో ఆ వాయువు తక్కువ కనుక ఓజోన్ మిగిలిపోతుంది. అందుకే వేడి ఎక్కువగా ఉన్న రోజుల్లో నగరం కన్నా గాలివాటున ఉన్న శివారు ఊళ్లోనే ఓజోన్ ఎక్కువగా నమోదు కావడం జరుగుతుంది.

చెట్ల పాత్ర గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీని మీద అపోహలు రెండు వైపులా ఉన్నాయి. ఆకులు కొంత ధూళిని పట్టుకుంటాయి, నీడతో ఊరిని చల్లబరుస్తాయి, కొంత ఓజోన్‌ను కూడా పీల్చుకుంటాయి. అదే సమయంలో ఓక్, పాప్లర్, యూకలిప్టస్ వంటివి ఐసోప్రీన్‌ను, సూదాకుల చెట్లు టెర్పీన్లను వదులుతాయి. ఎండా వేడీ పెరిగేకొద్దీ ఇవి ఎక్కువవుతాయి. అడవి కొండల మీద కనిపించే నీలి మసకకు మూలం ఈ ఆవిరులేనని వృక్ష శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ 1960లో ప్రతిపాదించారు. ఈ ఆవిరులు ఒంటరిగా ఓజోన్‌ను పెద్దగా పుట్టించలేవు, వాహనాల నైట్రోజన్ ఆక్సైడ్లు తోడైతేనే పుట్టిస్తాయి. కాబట్టి తగ్గించవలసింది వాహనాల పొగనే కానీ చెట్లను కాదు.

వేసవి నియమం చలికాలానికి పూర్తిగా వ్యతిరేకం. తెల్లవారుజామున, రద్దీ మొదలుకాకముందు కిటికీలు తెరిచి ఇంటిని చల్లబరచుకోవాలి. ఉదయం ఎండ ముదిరే వేళకు మూసి, పరదాలు దించాలి. ఓజోన్ మధ్యాహ్నం రెండు మూడు గంటల నుంచి సాయంత్రం దాకా ఎక్కువగా ఉంటుంది. పిల్లల ఆటలు, పరుగు, సైకిలు ఉదయానికి మార్చాలి. కిటికీలు మూసిన ఇంట్లో ఓజోన్ గోడలకు, బట్టలకు తగిలి విరిగిపోవడం వల్ల బయటి కన్నా బాగా తక్కువ ఉంటుంది. సన్నని కణాలను పట్టే హెపా వడపోత ఓజోన్‌ను ఆపలేదు, ఉత్తేజిత బొగ్గు పొర మాత్రం కొంత ఆపుతుంది. ఓజోన్‌ను పుట్టించి గాలిని శుభ్రం చేస్తామని చెప్పే యంత్రాలను ఇంట్లోకి రానీయకూడదు. వేడి సాయంత్రం చల్లగాలి కోసం కొండ ఎక్కేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది: లోయలో రాత్రి ఓజోన్ తగ్గిపోతుంది, ఎత్తైన శిఖరాల మీద మాత్రం దానిని మింగే వాయువు లేకపోవడం వల్ల రాత్రి కూడా నిలిచి ఉండవచ్చు.

కార్చిచ్చు పొగ

అడవికి ఆనుకుని ఉన్న ఊరికి వేసవి చివరి భాగంలో అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఇదే. మంట ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా పొగ రావచ్చు. రాత్రి పొగ కూడా చల్లగాలితో పాటు లోయలోకి జారి, తెల్లవారుజామున అత్యధికంగా ఉంటుంది. కొన్ని రోజుల్లో మాత్రం రాత్రంతా ఎత్తున తేలిన పొగ పగటి వేడికి కిందికి కలిసి మధ్యాహ్నం పెరుగుతుంది. ఈ కాలంలో గడియారం నమ్మదగినది కాదు కనుక, కిటికీ తెరిచే ముందు ప్రతిసారీ బయటి సెన్సారును చూడాలి. లోపలి అంకె కన్నా బయటి అంకె తక్కువైనప్పుడే తెరవాలి. వేడిగా ఉందని కిటికీ తెరిచి నిద్రపోవడమే ఈ కాలంలో జరిగే పెద్ద పొరపాటు.

పొగ రాకముందే ఇంట్లో ఒక గదిని శుభ్రమైన గాలి గదిగా సిద్ధం చేసుకోవాలి. కుటుంబమంతా పడుకోగలిగిన, కిటికీలు తక్కువ ఉన్న, పొయ్యి లేని గదిని ఎంచుకోండి. ప్యూరిఫయర్ ఎంపికలో ప్రకటన మాటల కన్నా సీఏడీఆర్ అనే అంకెను చూడాలి. అది నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల శుభ్రమైన గాలిని ఇస్తుందో చెబుతుంది. మామూలు రోజులకు గది వైశాల్యపు చదరపు అడుగుల్లో మూడింట రెండు వంతులు సరిపోతుంది, కార్చిచ్చు పొగకు మాత్రం వైశాల్యంతో సమానంగా ఉండాలి. అంటే 150 చదరపు అడుగుల గదికి పొగ కాలంలో 150 సీఏడీఆర్ కావాలి. యంత్రాన్ని నిశ్శబ్ద వేగంలో నడిపితే ఆ అంకె రాదు, ఎక్కువ వేగంలోనే నడపాలి.

ప్యూరిఫయర్ కొనలేనివారికి రిచర్డ్ కోర్సీ, జిమ్ రోజెంతాల్ 2020లో ప్రచారంలోకి తెచ్చిన పెట్టె చక్కగా పనిచేస్తుంది. మెర్వ్ 13 రకపు (మెర్వ్ అంటే వడపోత సామర్థ్యాన్ని చెప్పే కొలమానం) వడపోత పలకలు నాలుగింటిని నిలబెట్టి చతురస్రంగా టేపుతో అంటించి, కింద అట్ట మూసి, పైన చదరపు ఫ్యాన్‌ను గాలి పైకి వదిలేలా అమర్చాలి. పలకల మీద గాలి దిశను చూపే బాణం గుర్తు లోపలి వైపు చూడాలి. సందులన్నీ టేపుతో మూయడమే ఇందులో అసలు పనితనం. ఫ్యాన్ పాతదైతే వాడకండి, మోటారు వేడెక్కే ప్రమాదం ఉంది. కొత్తదైనా ఎవరూ లేనప్పుడు నడవనివ్వకండి. పలకలు నల్లబడ్డాక, పొగ వాసన వస్తున్నప్పుడు మార్చాలి.

పొగ రోజుల్లో ఇంటి లోపల కూడా పొగ పుట్టించకూడదు. వేపుళ్లు, కొవ్వొత్తులు, అగరుబత్తులు ఆపాలి. హెపా లేని వాక్యూమ్ క్లీనరు నేల మీది ధూళిని తిరిగి గాలిలోకి లేపుతుంది కనుక తడిగుడ్డతో తుడవడం మేలు. బయటి గాలిని లాగే కూలర్లను ఆపాలి. బయటికి వెళ్లక తప్పకపోతే ఎన్95 మాస్కు ధరించాలి, అది 0.3 మైక్రాన్ల కణాలను కూడా 95 శాతం ఆపుతుంది, అయితే ముఖానికి అంచు బిగిసి ఉన్నప్పుడే. గడ్డం ఉన్నా, ముక్కు దగ్గర సందు ఉన్నా దాని ఫలితం బాగా తగ్గిపోతుంది. గుడ్డ మాస్కు పొగను ఆపదు. ఇల్లంతా మూసినప్పుడు వేడి భరించలేనంతగా పెరిగితే, ముఖ్యంగా వృద్ధులు, పసిపిల్లలు, గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు ఉంటే, పొగను తప్పించుకోవడానికి వడదెబ్బ తెచ్చుకోకూడదు. చల్లని గాలి ఉన్న వేరే చోటికి వెళ్లాలి. ఛాతీ బిగుసుకోవడం, మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలిరంగుకు మారడం కనిపిస్తే అంకెల కోసం చూడకుండా వైద్య సహాయం పొందాలి.

ఆకురాలు కాలం

మొదటి వానలు పొగను కడిగిన తరువాత కొన్ని వారాల పాటు గాలి ఏడాదిలోకెల్లా హాయిగా ఉంటుంది. ఇల్లంతా తెరిచి, పొగ వాసన పట్టిన పరదాలు ఉతికి, వడపోతలు మార్చడానికి ఇదే అదను. కిటికీ గట్ల మీది బూడిదను చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తీయాలి. రాలిన తడి ఆకులను కాలిస్తే మంట కన్నా పొగే ఎక్కువ వస్తుంది, అది సాయంత్రపు మూత కింద వీధంతా నిలుస్తుంది. వాటిని కుప్పవేసి ఎరువుగా మార్చడం తేలిక. కుళ్లిన ఆకులలో బూజు బీజాలు లెక్కలేనన్ని ఉంటాయి కనుక ఆ కుప్పను తిరగవేసే ఉబ్బసం రోగులు మాస్కు పెట్టుకోవాలి.

చలి ముదరకముందే పొగగొట్టాన్ని శుభ్రం చేయించి, కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీలు మార్చి, మీట నొక్కి మోగుతుందో లేదో చూసుకోండి. కట్టెల కుప్పలోంచి నాలుగైదు ముక్కలు చీల్చి తేమ కొలవండి. 20 శాతం దాటినవి ఈ చలికాలానికి పనికిరావు. వాటిని పైన కప్పు వేసి, పక్కలు గాలికి వదిలి, నేలకు తగలకుండా పేర్చి వచ్చే ఏడాదికి ఉంచండి. ఇప్పటికే చీల్చి పెట్టిన మెత్తని కట్టెకు ఆరు నెలలు, గట్టి కట్టెకు ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ ఎండ, గాలి కావాలి.